ఫర్జ్‌హిల్ రోడ్డు వెడల్పు

నోరీన్ ములరెడి పొద్దున్నే లేచి ముందు టీకి నీళ్ళు పెట్టేది. తర్వాత మంచాన పడ్డ అమ్మ మొహం తుడిచి, ముందుగదిలోకి వచ్చి పరదా తీసేది. సరిగ్గా అప్పుడే ఎదురింటి కోల్మన్ టూహీ సైకిలు బయటికి తీస్తూ ఉండేవాడు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు అతనిది. అతనో చెయ్యి ఎత్తేవాడు, ఆమె ఓ చెయ్యి ఎత్తేది. డబ్లిన్ శివార్లలో కొత్తగా కట్టిన ఆ కాలనీలో ఇద్దరిదీ ఒంటరి బతుకే. ఆమెకు అమ్మ ఉంది గానీ, ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పోయి రెండేళ్ళయింది.

పార్టీలు మాత్రం ఇద్దరివీ వేరు. ఆ రోజుల్లో పార్టీని ఎవరూ ఎంచుకునేవాళ్ళు కాదు, తాతగారి ముక్కు వచ్చినట్టు అదీ వచ్చేసేది. ఎన్నికలప్పుడు ఆమె గేటుకి ఒకడి బొమ్మ, అతని గేటుకి ఇంకొకడి బొమ్మ. మిగతా రోజుల్లో ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

1980లో ఓ ఆదివారం చర్చి నుంచి వస్తూ కోల్మన్ ఆమె గేటు దగ్గర ఆగాడు.

"వచ్చే ఆదివారం మా ఇంటికి టీకి రాకూడదూ? మా అక్కయ్య కేకు పంపిస్తానంది. ఒక్కణ్ణీ తినలేను."

"మీ పార్టీవాళ్ళింట్లో టీ తాగానని తెలిస్తే మా అమ్మ మంచం దిగి వచ్చి కొడుతుంది."

"దిగి వస్తే మంచిదేగా. డాక్టరు కూడా అదే కోరుకుంటున్నాడు."

నోరీన్ నవ్వింది. "చూద్దాం లెండి. అమ్మకి కాస్త నెమ్మదించనివ్వండి."

ఆ వారంలోనే నియోజకవర్గాల హద్దులు దిద్దేవాళ్ళ నివేదిక వచ్చింది. జనం బాగా పెరిగారని కిల్‌బారన్ నియోజకవర్గాన్ని రెండు చేశారు. అక్కడ ఒక్కో నియోజకవర్గం నుంచి పార్లమెంటుకి ముగ్గురో నలుగురో సభ్యులు వెళతారు; తూర్పుకి మూడు సీట్లు, పడమరకి నాలుగు. గీత సరిగ్గా ఫర్జ్‌హిల్ రోడ్డు నడిమధ్య నుంచి పోయింది. రేడియోలో ఆ వార్త చదివిన మధ్యాహ్నమే రోడ్డు వెడల్పు కావడం మొదలైంది. టీవేళకి మధ్యలో ఓ పచ్చిక పట్టీ మొలిచింది. ఆదివారం నాటికి ఫుట్‌బాల్ మైదానమంత జాగా ఏర్పడింది. కౌన్సిల్ వాళ్ళు వచ్చి కొలిచి, కొత్త దీపస్తంభాలు పాతి వెళ్ళారు.

"పాలవాడు ఇటు రానంటున్నాడమ్మా, ఈ రౌండు మరీ దూరమట," అని పక్కింటి మిసెస్ డెవిట్ సణిగింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఆదివారం నోరీన్ కోటు వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. అంత దూరం పోయి వచ్చేసరికి అమ్మ ఒక్కతీ భయపడుతుందని మళ్ళీ కోటు విప్పేసింది. పొద్దున్న పరదా తీస్తే, అవతల అగ్గిపుల్లంత మనిషి చెయ్యి ఎత్తుతున్నట్టే అనిపించేది. ఎత్తాడో, టోపీ సర్దుకున్నాడో తెలిసేది కాదు. 1983లో మళ్ళీ హద్దులు దిద్దినప్పుడు ఆ గీత ఉన్నచోటే ఉంది గానీ రోడ్డు ఇంకా వెడల్పయింది. ఇక అతని కిటికీ కూడా కనబడలేదు. రెండు బస్సులు మారితే తప్ప ఎదురింటికి వెళ్ళలేని రోజులొచ్చాయి. మధ్య జాగాలో ఓ సూపర్‌మార్కెట్ వెలిసింది. దాని ముందున్న గుంతలకి ఏ సభ్యుడూ పూచీ పడలేదు, ఎందుకంటే అక్కడ ఎవరికీ ఓటు లేదు.

అయితే ఓట్ల లెక్కింపు మాత్రం రెండు కిల్‌బారన్‌లకీ ఒకే చోట, స్కూలు వ్యాయామశాలలో జరిగేది. అక్కడ ఓటరు తనకి నచ్చిన వరసలో పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాడు; లెక్కింపులో రౌండుకొకడు చొప్పున వెనకబడ్డవాణ్ణి తప్పిస్తూ పోతారు. లెక్క పెట్టేవాళ్ళు బల్లల మీద ఓటు కాగితాలు విప్పుతుంటే, కటకటాల ఇవతల పార్టీల మనుషులు నిలబడి, ఒకటో అంకె ఎవరికి పడిందో పెన్సిల్‌తో గీతలు పెట్టుకునేవారు. నోరీన్ తూర్పు బల్లల దగ్గర తన పార్టీకి గీతలు పెట్టేది. ఆ ఒక్కరోజుకీ మిసెస్ డెవిట్ అమ్మ దగ్గర కూర్చునేది. 1981లో మొదటి లెక్కింపు రోజు నోరీన్ తల తిప్పి చూస్తే, పడమర బల్లల దగ్గర కోల్మన్ చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీ వాడు నాలుగో రౌండుకే ఇంటికి పోతాడండీ," అన్నాడు పలకరింపుగా.

"మీ వాడికి ఇంటికి దారి తెలిస్తే వాడూ పోతాడు," అంది నోరీన్.

ఇద్దరూ గోడవార కుర్చీల్లో కూర్చుని అతని ఫ్లాస్కులోని టీ తాగారు. సాయంత్రం ఆరో రౌండు దాకా మాట్లాడుకున్నారు. ఫ్యాక్టరీలో కొత్త మిషను గురించి, అమ్మ తినడం మానేసిన జావ గురించి.

ఆ మరుసటి జనవరిలో పిల్లల బూట్ల మీద పన్ను వేయబోయి ప్రభుత్వం పడిపోయింది. దేశమంతా విసుక్కుంది. నోరీన్ మాత్రం రేడియో వింటూనే లేచి ఆకుపచ్చ కోటు ఇస్త్రీ చేసుకుంది. ఆ ఏడాది నవంబరులోపల ఇంకో ప్రభుత్వం కూడా పడింది. ఆ రెండో లెక్కింపు నాడు కోల్మన్ టీ పోస్తూ అన్నాడు:

"నాకు మీ వైపు ఓటుంటే, మీ వాడికి నాలుగో అంకె ఇచ్చేవాణ్ణి."

"నాలుగా?"

"మా ఇంట్లో పుట్టినవాడు అంత ఇవ్వడమే పాపం. మీ మొహం చూసి."

తర్వాత వచ్చిన ప్రభుత్వం నాలుగేళ్ళు కదల్లేదు. అంత దిట్టమైన ప్రభుత్వాన్ని నోరీన్ ఎన్నడూ క్షమించలేదు.

1991లో అమ్మ పోయింది. కోల్మన్ రెండు బస్సులు మారి వచ్చేసరికి ఖననం అయిపోయింది. మనుషులంతా వెళ్ళిపోయారు. ఆమె ఒక్కతే తడి మట్టి దగ్గర నిలబడి ఉంది. అతను టోపీ తీసి పక్కన నిలుచున్నాడు.

"బస్సు ఆలస్యమైంది," అన్నాడు.

"అవును, ఆ బస్సు ఎప్పుడూ అంతే," అంది.

ఇప్పుడైతే ఆమె కాళ్ళకి ఏ బంధమూ లేదు. వెళ్ళాలంటే వెళ్ళొచ్చు. కానీ పిలవకుండా రెండు బస్సులెక్కి వెళ్ళి తలుపు కొట్టడానికి ఏదో ఒక కారణం ఉండాలి కదా? ఏ కారణమూ తట్టేది కాదు. అతనికీ తట్టలేదేమో. ఎన్నికల కోసం చూస్తూ ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు. 2002లో తూర్పు వైపు ఓట్లకి యంత్రాలు పెట్టారు. కాగితాలూ లేవు, గీతలూ లేవు. మీట నొక్కితే ఫలితం వచ్చేసింది. రావలసిన పని లేదని పార్టీవాళ్ళు చెప్పినా నోరీన్ పెన్సిల్ చెక్కుకుని వెళ్ళింది. పడమర బల్లలు సర్దేసేదాకా ఖాళీ కటకటాల దగ్గర నిలబడి, కోల్మన్‌తో రెండు ముక్కలు మాట్లాడి వచ్చింది. తర్వాత ఆ యంత్రాలను ఎవరూ నమ్మక పక్కన పడేశారు. నోరీన్‌కి ప్రాణం లేచి వచ్చింది.

2012లో కొత్త నివేదిక వచ్చింది. గీతని కాలువ దగ్గరికి జరిపి, కాలువ అవతలి వీధుల్ని పక్క నియోజకవర్గానికిచ్చి, మిగిలిన రెండు కిల్‌బారన్‌లనీ కలిపి ఐదు సీట్లు చేశారు. ఆ పూటే రోడ్డు ముడుచుకుంది. సూపర్‌మార్కెట్ ఒద్దికగా వీధి చివరికి జరిగింది. ఉదయం నోరీన్ పరదా తీస్తే, ముప్పై ఏళ్ళ తర్వాత ఎదురుగా కోల్మన్ ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. చెయ్యి ఎత్తాడు. ఆమె కూడా ఎత్తింది.

ఆ తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. గేట్ల దగ్గర ఎదురుపడితే "చలిగా ఉంది" అనేవాడు. "ఉంది" అనేది. లెక్కపెట్టడానికి ఓట్లు లేకపోతే మాటలే దొరికేవి కావు. 2016లో మొదటిసారి ఒకే బల్ల దగ్గర, ఒకే పెట్టె కాగితాలకి చెరో లెక్కా రాసుకున్నారు. రోజంతా ఒకరినొకరు ఎద్దేవా చేసుకున్నారు. ఒకే బస్సులో తిరిగొచ్చి, రోడ్డుకి ఇటొకరు అటొకరు నిలబడి, తాళాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నోరీన్‌కి ఎందుకో అన్ని గదుల్లోనూ దీపాలు వేయాలనిపించింది.

మరుసటి ఏడాది ఓ ఉదయం రేడియో చెప్పింది. జనం మళ్ళీ పెరిగారట. కిల్‌బారన్ మళ్ళీ రెండు ముక్కలట. గీత ఫర్జ్‌హిల్ రోడ్డు మధ్య నుంచట.

నోరీన్ వార్తలు పూర్తి కానివ్వలేదు. కోటు వేసుకుని, చేతిసంచీ కూడా తీసుకోకుండా, రోడ్డు దాటి తలుపు కొట్టింది.

కోల్మన్ చేతిలో షేవింగ్ బ్రష్షుతో వచ్చాడు. ఒక బుగ్గకి నురుగుంది.

"విన్నారా?" అంది.

"విన్నాను. లోపలికి రండి. చలి."

ముందుగది కిటికీ దగ్గర నిలబడ్డారు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత తారు చప్పుడు లేకుండా సాగడం మొదలుపెట్టింది. మధ్యలో సన్నగా పచ్చిక కనబడింది. ఆమె ఇల్లు, ఆమె గేటు, గేటు పక్కన నిలబడి చేతిలో చెత్తబుట్టతో ఆలోచిస్తున్న మిసెస్ డెవిట్ కూతురు, అన్నీ మెల్లగా వెనక్కి జరిగాయి.

కోల్మన్ బుగ్గ మీది నురుగు తుడుచుకున్నాడు.

"నోరీన్, వెళ్ళాలంటే ఇప్పుడే వెళ్ళు. ఇంకాసేపుంటే బస్సు కావాలి."

"తెలుసు."

"నీ ఓటు అటు ఉంది."

"మార్పించుకోవచ్చుగా."

"ఇటు నిలబడేవాళ్ళంతా మా వాళ్ళే. గెలిచేదీ మా వాళ్ళే. ప్రతిసారీ వాళ్ళ మొహాలు చూడాలి మరి."

"చూస్తాను," అంది నోరీన్. "ఓటు మాత్రం వెయ్యను."

కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. ఎక్కడ తగిలించాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడితే, అతను అందుకుని తన కోటు మీదే తగిలించాడు. ఇంటికి అదొక్కటే మేకు మరి.

ఎదుటి వరస కనుచూపు దాటేసరికి సాయంత్రమైంది. నోరీన్‌కి తన అక్కయ్య వచ్చినప్పుడు పడుకునే మేడగది ఇచ్చి, కోల్మన్ కింద సోఫా మీద పడుకుంటానన్నాడు. దుప్పట్లు దొరికాయి గానీ ఇల్లంతా వెతికినా దిండు ఒక్కటే ఉంది. అది ఆమెకిచ్చాడు. తనకోసం పాత స్వెట్టరు మడిచి ఓ గలీబులో కుక్కుతుంటే, ఆమె మెట్ల మీద నుంచి చూసి దిగి వచ్చి, ఆ గలీబు అతని చేతుల్లోంచి తీసుకుంది.

"ఇలా కాదు," అని మళ్ళీ విప్పి మడవసాగింది.