మండితేనే మంచిదట!

ధర్మవరంలో కేశవ తన పట్టుచీరల దుకాణం తెరవగానే చంద్రిక లైవ్ పెట్టి ఫోను ముందు నిలబడుతుంది. చీరను భుజం మీద పరచి, అంచు చూపించి, కొంగు విప్పి, ఆ నేతలోని పనితనం చెబుతుంది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో తమ ఫోన్లలో చూసి చీరలు తెప్పించుకుంటారు. నేతగాడు ఈరన్న కూతురామె. మగ్గం పక్కన పెరిగిన పిల్ల గనుక ఆమె చెప్పే మాటంటే కొనేవాళ్లకు గురి.

ఆ రోజు మాత్రం చీర ధర అడగకముందే తెర మీద వేరే మాటలు వచ్చాయి. "అమ్మాయి ముఖమేంటి అలా ఉంది?" అని ఒకామె. "శుభ్రంగా కడుక్కోదేమో" అని ఇంకొకామె. కింద పళ్లికిలించి నవ్వే బొమ్మలు. పందొమ్మిదేళ్ల చంద్రిక బుగ్గల నిండా మొటిమలు. ఆ మాటలు చదివి కూడా చదవనట్టే కొంగు మడిచింది. జ్వరం వచ్చిన పిల్లను చూసి అయ్యో అనే మనమే, మొటిమలు వచ్చిన పిల్లను చూసి ఎందుకు నవ్వుతామో ఆలోచించామా?

కేశవ భార్య లక్ష్మీనరసమ్మ ఆమెను పక్కకు పిలిచింది. ఎవరో కంపెనీవాళ్లు అంటగట్టిన నూనె సీసాలను ఇరుగుపొరుగుకు అమ్ముతుంటుంది ఆవిడ.

"ఇది టీట్రీ నూనె, ఇది నిమ్మతొక్క నూనె. రెండూ చెట్టు నుంచి తీసినవే. కెమికల్ లేదు, హాని లేదు. రెండు పూటలా పూసుకో పాపా, మొగం అద్దమైపోతాది."

చంద్రిక పూసుకుంది. చర్మం భగ్గుమంది. మర్నాడు ఆ మాటే చెబితే లక్ష్మీనరసమ్మ నవ్వింది. "మండినాదంటే పనిచేస్తాండాదని అర్థం. ఓర్చుకో."

ఓర్చుకుంది. అందంగా కనిపించాలంటే ఓర్చుకోవాలనే కదా ఆడపిల్లలకు మనం నేర్పేది. నూనె రాసిన ముఖంతోనే మిట్టమధ్యాహ్నం మిద్దె మీద, రాయలసీమ ఎండలో, రంగు అద్దిన పట్టునూలు ఆరేసింది. మరుసటి రోజుకు బుగ్గలు పొంగి బొబ్బలెక్కాయి. బొబ్బలు చితికిన చోట నల్లటి మచ్చలు మిగిలాయి.

ఈరన్న మగ్గం దిగి, కూతుర్ని వెంటబెట్టుకుని అనంతపురం బస్సెక్కాడు. చంద్రిక చున్నీతో ముఖం చుట్టుకుని మూలకు ఒదిగి కూర్చుంది. బత్తలపల్లి దాటేదాకా చూసి తండ్రి ఇక ఊరుకోలేకపోయాడు.

"ఆ గుడ్డ తీయ్ పాపా. మొగం దాచుకునేకి నువ్వేమన్నా దొంగతనం చేసినావా?"

పెద్దాసుపత్రిలో డాక్టర్ సారా ఆ బుగ్గలను శ్రద్ధగా చూసింది.

"ఈ వయసులో మొటిమలు రావడం మామూలే. అది మురికీ కాదు, నీ తప్పూ కాదు. టీట్రీ నూనెను బాగా పలచన చేసి వాడితే తేలికపాటి మొటిమలు కొందరికి నెమ్మదిగా తగ్గుతాయి. అందరికీ తగ్గవు. పలచన చేయకుండా నేరుగా పూస్తే చర్మం కాలుతుంది. నిమ్మతొక్క నూనె పూసుకుని ఎండలో తిరిగితే ఇదిగో, ఇలా బొబ్బలెక్కి నల్లబడుతుంది."

"చెట్టు నుంచి తీసిందే కదా మేడమ్?" అంది చంద్రిక.

"ఉమ్మెత్త కూడా చెట్టేనమ్మా. తింటామా?"

మందు రాసిచ్చి, మచ్చలు పోవడానికి నెలలు పట్టొచ్చని ఉన్నమాట చెప్పి పంపింది.

బొబ్బలు ఆరాక చంద్రిక దుకాణానికి వెళితే కేశవ ఆమె ముఖం చూసి తల గోక్కున్నాడు. "ఫోన్లో మొగం నున్నగా చేసే ఫిల్టరు ఉండాది. అది పెట్టినా. నిలబడు పాపా."

చంద్రిక చీర భుజాన వేసుకుని తెరలోకి చూసింది. మచ్చ లేదు, మొటిమ లేదు. ఎవరో పింగాణీ బొమ్మ. ఆ బొమ్మ భుజం మీది చీర మాత్రం వెలిసిపోయిన గులాబీ రంగులో ఉంది. ఈరన్న నేసిన కుంకుమ ఎరుపు ఎక్కడా లేదు.

"అన్నా, నా మొగం కోసం మా నాయన చీర రంగు మార్చమంటావా? నా వల్ల కాదు" అంటూ ఆమె ఫిల్టరు తీసేసి లైవ్ మొదలుపెట్టింది.

"అక్కలారా, ఇది నా మొగం. ఇవి మొటిమలు. ఈ నల్లమచ్చలు నూనె పూసుకున్నందుకు వచ్చినాయి. చెట్టు నూనె కదా, ఏం చేస్తాదిలే అనుకుంటి. నేరుగా పూసుకుంటే కాలినాది. మీ ఇండ్లల్లో ఆడపిల్లలుంటే డాక్టరుకు చూపించండి. మండినాదంటే మాన్పించండి."

లక్ష్మీనరసమ్మ పరుగున వచ్చింది. "ఆపు పాపా! నా సీసాలు ఇంక ఎవురు కొంటారు?"

"నువ్వు కావాలని చెయ్యలేదులే వదినా. నీకూ అట్లే చెప్పి అంటగట్టినారు. కానీ ఇప్పుడు నీకు తెలిసింది. తెలిసినాక కూడా అమ్మితే మాత్రం నేను ఊరుకోను."

తెర మీద వెక్కిరింతలు వస్తూనే ఉన్నాయి. వాటి నడుమ ఒక తల్లి రాసింది: "మా అమ్మాయి కూడా మండుతోందంటోంది. ఇవాళే మాన్పిస్తాను."

కేశవ పళ్లు నూరాడు. "నీకు పిచ్చా? ఈ మొగం చూసి చీరలు కొంటారా? రేపట్నుంచి లోపల కూర్చొని చీరలు మడత పెట్టుకో, పో!"

చంద్రిక కదల్లేదు. చూపూ దించలేదు.

"రేపూ ఈడనే నిలబడతా అన్నా, ఈ మొగంతోనే. పనిలోంచి తీసేస్తే బజార్లో నిలబడి ఇదే చెప్తా. సిగ్గుపడాల్సింది మొటిమలు వచ్చినోళ్లు కాదు. వాటిని చూసి నవ్వేటోళ్లు, ఆ నవ్వును చూపించి భయపెట్టి సరుకు అమ్ముకునేటోళ్లు!"