చెవులమ్మ సంతకం

చప్పుళ్ళు పడనివాళ్ళ కోసం పెట్టే కచేరీకి ఏ పాట పనికొస్తుందో తేల్చేది ఆవిడే. కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడే మనిషి. స్టూడియోలో అందరూ చాటుగా చెవులమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

సంగీత దర్శకుడు పాటని సన్నగా వినిపించి, కాగితం ముందుకు తోశాడు. "హాయిగా ఉంది కదమ్మా! ఇంక నస పెట్టకుండా సంతకం పెట్టేయండి."

"హాల్లోనూ ఇంతే సౌండు పెడతారా?" అంటూ ఆవిడే లేచి, హాల్లో పెట్టేంత సౌండు పెంచి, పాట మళ్ళీ మొదలుపెట్టింది. చెవులు మూసుకోకుండా, పళ్ళ బిగువున ఓర్చుకుంటూ ఆయన్నే చూస్తూ కూర్చుంది. రెండో చరణం చివర గది దద్దరిల్లేలా డ్రమ్ము మోగింది. ఆవిడ కుర్చీలోంచి ఎగిరిపడింది.

ఆయనగారు పకపకా నవ్వాడు. "చూశారా? మీ ఒక్కరికే ఈ బాధ!"

"ముందు మీ చేతులెక్కడున్నాయో చూసుకోండి సార్."

ఆయన రెండు చేతులూ చెవుల మీదున్నాయి. డ్రమ్ము మోగకముందే, ఆయనకి తెలియకుండానే వెళ్ళి అక్కడ కూర్చున్నాయి.

ఆవిడ కాగితం లాక్కుని, 'పనికిరాదు' అని రాసి, కింద పెద్దగా సంతకం పెట్టింది.

"అది ఎక్కడ మోగుతుందో మీకు తెలుసు. హాల్లో కూర్చున్నవాళ్ళకి ఎవరు చెప్తారండీ?"