చెయ్యి వదిలిన బంతి

బడిలో చేరి నెల దాటినా తొమ్మిదో తరగతికి ఆమె ఇంకా కొత్తమ్మాయే. పేరు పెట్టి పిలిచే స్నేహం ఒక్కటీ కుదరలేదు.

ఒకరోజు సైన్సు టీచరు బంతిని ఎగరేసి పట్టుకుని, అది పైకి వెళ్తున్నంతసేపూ దాని మీద ఏ బలం పనిచేస్తోందని అడిగింది. కొత్తమ్మాయి ఉండబట్టలేక లేచింది.

"చేతి బలం టీచర్. కొంచెం కొంచెంగా ఖర్చయిపోతుంది. అంతా అయిపోగానే బంతి కింద పడుతుంది."

క్లాసంతా గొల్లుమంది. ఫస్టు ర్యాంకు పిల్ల లేచి, భూమి ఆకర్షణ ఒక్కటేనని పుస్తకంలోని వాక్యం గడగడా అప్పజెప్పింది. ఆ మర్నాటి నుంచి కొత్తమ్మాయి పేరు 'ఖర్చు' అయి కూర్చుంది.

తల్లికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. అందుకే చప్పుడు కాకుండా తలుపు తీసి, పెరట్లోకి వెళ్లి, తన తప్పేమిటో తనే తేల్చుకోవాలని పంతం పట్టి బంతి ఎగరేస్తూ కూర్చునేది. ఓ సాయంత్రం కళ్లు మూసుకుని విసిరింది. బంతి ఉన్నంతవరకే అరచేతికి బరువు. వదిలాక చెయ్యి ఖాళీ. ముట్టుకోని చెయ్యి ఎలా తోస్తుంది? బంతిలో ఉన్నది వేగమే. భూమి మాత్రం దాన్ని లాగుతూనే ఉంది, పైకి వెళ్లేటప్పుడు కూడా. సంతోషం పట్టలేక లోపలికి పరుగెత్తింది. నిద్రపోతున్న అమ్మ ముఖం చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

తర్వాతి వారం టీచరు పైకి వెళ్తున్న బంతి బొమ్మ ఇచ్చి, బలాలకు బాణాలు గీయమంది. ఫస్టు ర్యాంకు పిల్లతో సహా అందరూ పైకో బాణం గీశారు. ఒక్క కొత్తమ్మాయి కాగితంలోనే కిందికి మాత్రమే బాణం ఉంది.

"ఆ రోజు నవ్విన మాటనే ఇవాళ మీరంతా గీశారు," అంది టీచరు. "నీకెలా తెలిసిందో చెప్పమ్మా."

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. కొత్తమ్మాయి లేచి నిలబడింది. తెలీదని చెప్పి కూర్చుంది.

మధ్యాహ్నం మెట్ల మీద ఒంటరిగా తింటుంటే ఫస్టు ర్యాంకు పిల్ల వచ్చి నిలబడింది.

"పైన బంతి ఒక్క క్షణం ఆగుతుంది కదా, అప్పుడు కూడా భూమి లాగుతుందా?"

"లాగుతుంది. ఆగినంత మాత్రాన బలం లేనట్టు కాదు."

ఆ పిల్ల తలూపి తన జట్టులోకి వెళ్లిపోయింది. రమ్మని అనలేదు.

ఇంటికొచ్చాక అమ్మ మగతలోనే, ఇవాళ ఏం చెప్పారని అడిగింది. కొత్తమ్మాయి మంచం అంచున కూర్చుని మొదలుపెట్టింది. సగంలోనే అమ్మకు మళ్లీ నిద్ర పట్టింది. అయినా గొంతు తగ్గించి, చివరిదాకా చెప్పింది.