నిండుగా తిరిగొచ్చిన నీళ్ళ డబ్బా

వ్యాన్‌లోంచి సామాను దించుతుంటే నీలం డబ్బా చేతికి బరువుగా తగిలింది. తోడికోడలు దాన్ని రెండు చేతులా ఎత్తి వాకిట్లో పెట్టి, నడుం సవరించుకుని, "అక్కా, దీన్నిండా నీళ్ళున్నాయేంటి?" అంది.

గుడారం గుడ్డ మడతపెడుతున్న చీపురక్క చెయ్యి ఆగిపోయింది.

"పొద్దున నిప్పు మీద నువ్వు పోశావుగా."

"నేనెక్కడ పోశాను? ఆ కాలు బెణికినావిడకి కట్టు కడుతున్నాను కదా. నువ్వు మన్ను కప్పుతుంటే, పోసేశావనే అనుకున్నా."

ఇద్దరూ డబ్బా వైపు చూశారు. మూతకి చుట్టిన దారం కూడా విప్పలేదు.

ఆ ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. జనాన్ని కొండ మీదికి నడిపించి, ఓ రాత్రి గుడారాల్లో పడుకోబెట్టి, మర్నాడు క్షేమంగా దించడం వాళ్ళ పని. పెద్దామె దారి చూపిస్తుంది, చిన్నామె వండి పెడుతుంది. పెద్దామెకి చీపురక్క అన్న పేరు ఊరికే రాలేదు. మనం వచ్చి వెళ్ళినట్టు కొండకి కూడా తెలియకూడదంటుంది. ఎవరైనా నారింజ తొక్క పారేస్తే వాళ్ళ చేతే తీయించి వాళ్ళ జేబులోనే పెట్టిస్తుంది, అవతలివాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా సరే. దిగేముందు పొయ్యి రాళ్ళని తలో దిక్కుకీ పంపి, మసి అంటిన వైపు నేలకి తిప్పి, బూడిద మీద మన్ను కప్పి, ఆకులు పరిచి, రాలిన పుల్లలు చీపురులా కట్టగట్టి చుట్టూ అడుగుల జాడలు ఊడ్చి మరీ దిగుతుంది. "మీరు వచ్చి వెళ్ళిన చోటు ఏదో నాకే తెలియదమ్మా" అని ఫారెస్టు గార్డు మెచ్చుకున్నప్పుడల్లా ఆవిడ ముఖం చూడాలి. ఆ పూటకి అన్నం కూడా అక్కర్లేదు.

ఆ పద్ధతిలో మొదటి పని నీళ్ళు. ఒకరు పోస్తే ఒకరు పుల్లతో కలపాలి. చల్లారిందని చేత్తో చూసుకున్నాకే మన్ను. అలాంటిది పొద్దున ఒకావిడ కాలు బెణికి కేకలు పెట్టడంతో అంతా హడావిడైంది, డబ్బాని గుంపులో ఎవరో మోసుకు దిగారు. బూడిద తెల్లగా ఉంది, తోడికోడలు పోసే ఉంటుందిలే అనుకుని చీపురక్క మన్ను లాగేసింది. నివురు గప్పిన నిప్పు అని మాటవరసకి అంటుంటారు జనం. ఈవిడ దాని మీద మన్ను కూడా కప్పి, ఆకులు పరిచి వచ్చింది. మన్ను కింద నిప్పు ఎండు వేళ్ళు పట్టుకుని లోలోపలే పాకి, ఎక్కడో పైకి లేస్తుందని ప్రతి గుంపుకీ కళ్ళు పెద్దవి చేసి చెప్పేది ఆవిడే.

దండెం మీద దుప్పట్లు టపటపా కొట్టుకున్నాయి. గాలి లేచింది. చీపురక్క స్కూటర్ తాళం అందుకుంది.

"పద" అంది.

"గార్డుగారికి ఫోను?"

"ముందు చూసొద్దాం. చెప్తే మన అనుమతి పోతుంది."

స్కూటర్ మీద ఇద్దరి మధ్యా డబ్బా కూర్చుంది. కొండ కనిపించే ప్రతి మలుపులోనూ చీపురక్క తల పైకెత్తి పొగ కోసం చూసింది. ఒకసారి తెల్లగా ఏదో కనిపించి బండి ఆపేసింది. మబ్బు తునక. ఆ తర్వాత కాలిబాట. రోజూ వచ్చేవాళ్ళని "నెమ్మదిగా నడవండి, గడ్డి తొక్కకండి" అని ప్రాణం తీసే మనిషి, ఆ మధ్యాహ్నం గడ్డిలో అడ్డంపడి ఎక్కింది. వెనక నుంచి తోడికోడలు దీనికి కూడా ఒక మాట అనేదే, కానీ ఊపిరి చాల్లేదు.

పైన చదునులోకి వచ్చి ఆగారు. నేలంతా ఎండాకులు. ఎటు చూసినా ఒకేలా ఉంది.

"ఆ బండకి ఇవతల కదూ?" అంది తోడికోడలు.

"అవతల."

"అవతల గుడారాలు వేశాం."

"గుడారాలు ఆ చెట్ల కింద వేశాం."

పొయ్యి రాళ్ళ కోసం వెతికారు. ఉన్నాయి, తలో దిక్కునా, మసి నేలకి తిప్పుకుని బుద్ధిగా కూర్చున్నాయి. అవి వచ్చిన చోటు మాత్రం చెప్పవు. చీపురక్క తన పనితనాన్ని తానే తిట్టుకుంటూ ఆకులు కాళ్ళతో చెల్లాచెదురు చేసింది. ఎక్కడ తవ్వినా చల్లటి మన్నే. గాలి విసిరినప్పుడల్లా కాలిన వాసన వచ్చినట్టుండేది, అది తమ బట్టల్లోని పొగ వాసనో కాదో తెలిసేది కాదు.

బాట వెంట వెళ్తున్న ఓ జంట ఆగింది. "ఏమైనా పోగొట్టుకున్నారా అండీ?"

"నిప్పు" అంది తోడికోడలు.

వాళ్ళు నవ్వబోయి, ఆమె ముఖం చూసి, గబగబా కిందికి వెళ్ళిపోయారు.

ఇంక ఆగడం చీపురక్క వల్ల కాలేదు. కింద లోయంతా ఎండుగడ్డి, దాని కొసన ఇళ్ళు. అనుమతి పోతే పోనీ అనుకుని ఫోను తీసింది.

"పైన చదునులో నిప్పు ఆర్పకుండా కప్పేశానండి" అంది.

గార్డు వెంటనే అడిగాడు. "చదునులో ఎక్కడమ్మా?"

ఆవిడకి ఏడుపొచ్చింది. "తెలియట్లేదండి. బాగా ఊడ్చాను."

"వస్తున్నా. వెతుకుతూ ఉండండి."

చెప్పులు విడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని, చంటిపిల్లకి జ్వరం చూసినట్టు అరచేతి వెనకవైపు నేలకి ఆనిస్తూ, జానెడు జానెడు జరిగింది. తోడికోడలు కూడా చీర ఎగ్గట్టి అటు వైపు నుంచి మొదలుపెట్టింది. చలువ. చలువ. ఎండ తగిలిన చోట వెచ్చన, దానికే ఉలికిపడి ఇద్దరూ తవ్వేశారు. మళ్ళీ చలువ.

ఇద్దరూ వాదులాడుకున్న రెండు చోట్లూ కాదు. చెట్ల వైపు, తాను ఒట్టు పెట్టి కాదనే చోట, చీపురక్క చెయ్యి చురుక్కుమంది.

ఆకులు లాగి మన్ను తీస్తే వేలెడంత వేరు ఎర్రగా కన్ను తెరిచింది. దాని రెండో కొస చెట్టు మొదట్లోకి పోతోంది.

"నీళ్ళు పొయ్యి" అని అరిచింది.

నీళ్ళు పడగానే బుస్సుమని ఆవిరి లేచింది. ఒకరు పోశారు, ఒకరు కలిపారు, పొద్దున చెయ్యాల్సిన పని పొద్దున చెయ్యాల్సినట్టే. డబ్బా ఖాళీ అయింది, మన్ను ఇంకా కాలుతూనే ఉంది. చీపురక్క వేరు వెంట గోళ్ళతో తవ్వుతూ పోయింది, ఆగలేదు. గార్డు వీపు మీద నీళ్ళ పంపుతో రొప్పుతూ వచ్చేసరికి ఆవిడ వేళ్ళ కొసలు బొబ్బలెక్కి ఉన్నాయి. ముగ్గురూ కలిసి ఆ వేరు చివరిదాకా తవ్వి, తడిపి, బురద చల్లబడేదాకా చేతులు పెట్టి కూర్చున్నారు.

"నేను పైవాళ్ళకి రాసి పంపాల్సిందేనమ్మా" అన్నాడు గార్డు, ఆవిడ వైపు చూడకుండా.

"రాయండి" అంది.

తోడికోడలు అలవాటు కొద్దీ పుల్లలు ఏరి కట్టగట్టి అందించింది. చీపురక్క దాన్ని పక్కన పెట్టేసి లేచి, పొద్దున తాను విసిరిన రాళ్ళని ఒక్కొక్కటే ఏరి తెచ్చి బురద చుట్టూ పేర్చింది. ఇతరులు అలా వదిలిపోతే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది. మసి వైపు పైకే పెట్టింది.

"అక్కా, ఇలాగే ఉంచేస్తావా?"

"రేపు మళ్ళీ వచ్చి చెయ్యి పెట్టి చూడాలి. ఎక్కడ చూడాలో తెలియొద్దూ?"

దిగేటప్పుడు డబ్బా తేలిగ్గా ఉంది. ఇద్దరూ వంతులేసుకుని మోస్తూ, నడుమ నడుమ దాన్ని ఊపి చూసుకుంటూ దిగారు.