మౌన ప్రార్థనలో కుళ్లిన గుడ్డు వాసన

మౌన ప్రార్థన సగంలో ఉండగానే వాసనకు మొదటి బెంచీ దాదాపు ఖాళీ అయింది. రెండోది ఖాళీ అవుతోంది. ఎస్తర్ రాణి ఒక్కతే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మొదటి బెంచీలో కదలకుండా కూర్చుంది. ఆ భక్తే ఆమె కొంప ముంచింది.

"లేవనోళ్లే సేసుంటారు," అన్నాడు సంఘ పెద్ద ఏసుపాదం.

నర్సీపట్నం చర్చిలో ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాలు నడుస్తున్నాయి. మాంసం, చేప, గుడ్డు ముట్టకూడదు. ముట్టినవాళ్లు ఈస్టర్‌నాడు పాడకూడదు. నియమం ఏసుపాదం పెట్టిందే. ఏళ్లుగా వెనక వరసలో కోరస్ పాడిన ఎస్తర్‌కు ఈసారే మొదటి పాట దక్కింది. ఆమె తప్పుకుంటే ఆ పాట ఏసుపాదం కూతురు దీనాది.

ఏసుపాదం తలుపులు మూయించి విచారణ మొదలుపెట్టాడు. మరుక్షణం తనే తెరిపించాడు.

కాలేజీలో జువాలజీ చెప్పే రత్నమణిని లేపారు. పెద్దపేగులో కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని, మనం తిన్నదాంట్లో మిగిలిందే వాటి భోజనమని ఆమె చెప్పింది. ఉలవలు, శనగలు అందితే అవి గ్యాసు దండిగా తయారుచేస్తాయి. మోత ఎక్కువ, వాసన తక్కువ. గుడ్డూ మాంసమూ అతిగా తింటే, అరగని ప్రోటీన్‌లోంచి కుళ్లిన గుడ్డు వాసనేసే గంధకపు వాయువు పుట్టిస్తాయి. క్యాబేజీ తిన్నా ఆ వాసన రావచ్చని కూడా అంది. ఆ ముక్క ఎవరూ వినలేదు.

మోత ఎవరికైనా వినిపించిందా అని ఏసుపాదం అడిగాడు. లేదన్నారు.

"ఇంకేటి? సైన్సే సెప్పేసింది. ఎవరో గుడ్డు తిన్నారు."

తాను తినేది ఉలవలేనని, ఆ మోతకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని, కావాలంటే ఆ బాధ పడలేక మాకవరపాలెం వెళ్లిపోయిన అత్తగారికి ఫోన్ చెయ్యమని ఎస్తర్ ఏడుస్తూ చెప్పింది. జనం నవ్వారు. దీనా నవ్వలేదు.

"ఫోన్లెందుకు? గుడ్డు ఉడకబెట్టినోళ్లు ఇక్కడే ఉంటారు, లేవండి. వండినోళ్లకి తప్పు లేదు. తిన్నోళ్లదే," అన్నాడు ఏసుపాదం.

దీనా లేచింది. "నేను ఉడకబెట్టాను. రోజూ."

ఏసుపాదం గబుక్కున బైబిల్ తెరిచాడు. "కూకో, దీనా. ప్రార్థన సేసుకుందాం."

"ఎవరికమ్మా?" రత్నమణి అడిగింది.

దీనా ఎస్తర్‌వైపు చూసింది. "పచ్చసొన తీసేస్తే అది గుడ్డు కాదు, కండకి మందు అని సెప్పిన పెద్దమనిషికండీ. సంఘ పెద్ద ఏసుపాదం గారికి."