మేకుకు వేలాడిన జడ

టైలరు ఇంట్లో వాళ్లు చేసిన తప్పు ఒక్కటే. అతని చెల్లెల్ని పిచ్చాసుపత్రిలో వదిలేసి, ఆమె జడను ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ రోజుల్లో అక్కడ చేర్చుకోగానే పేల భయానికి జుట్టు కత్తిరించేసేవారు. నర్సు జడను పాత పేపర్లో చుట్టి చేతికిచ్చింది. టైలరు భార్య దాన్ని కుట్టుమిషన్ పక్కన, టేపు వేలాడదీసే మేకుకు తగిలించింది. నెల తిరిగేసరికి అది బెత్తెడు పెరిగింది. "నూనె లేకపోతే ఎండిపోదూ!" అంటూ ఆమె ఆదివారాలు దువ్వడం మొదలుపెట్టింది.

జడ చిక్కుపడితే అక్కడ ఆడపడుచుకి బాగాలేదన్నమాట. మొదట్లో దువ్వెన పళ్లు విరిగేవి. అలాంటప్పుడు టైలరు షాపు మూసి, బస్సెక్కి చూసొచ్చేవాడు. తర్వాత చిక్కులు తగ్గాయి, ప్రయాణాలూ తగ్గాయి.

"మీ చెల్లెలెలా ఉంది?" అని అడిగేవారు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు.

టైలరు మేకువైపు చూసి, "నున్నగా ఉంది, పర్వాలేదు" అనేవాడు. వాళ్లూ తలాడించి, చంకల దగ్గర కాస్త వదులుగా కుట్టమని వెళ్లిపోయేవారు.

షాపులో చెల్లెలి పీట అలాగే ఉండేది. కాజాలు కుట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. దారం పళ్లతో తెంపుతూ, "వదినా, ఈ చొక్కాయన ఇంకో రెండు ముద్దలు తిన్నాడంటే నా కాజా చిరుగుతుంది" అని నవ్వించేది. ఒక వానాకాలం నిద్ర మానేసి, తను కుట్టిన కాజాలన్నీ మళ్లీ దారంతో మూసేస్తూ కూర్చుంది. అప్పుడే తీసుకెళ్లారు.

ఒక్క చిక్కూ లేకుండా జడ మోకాళ్ల దాకా దిగింది. అందులో తెల్ల వెంట్రుకలూ వచ్చాయి. ఆమెకు నయమైందని ఇంట్లో అందరికీ తెలుసు. తీసుకొద్దామన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. జడను చూస్తే మనిషిని చూసినట్టే ఉండేది.

ఇంతలో బంధువుల పెళ్లొచ్చింది. టైలరు భార్యది ఎలకతోక జడ.

"ఒక్కపూట సవరంగా పెట్టుకుంటే అరిగిపోతుందా ఏంటండీ?"

"నీ ఇష్టం. జాగ్రత్తగా తే."

పెళ్లిలో అందరి కళ్లూ జడ మీదే. "ఏమే, నెత్తికి ఎరువేశావా?" అని వేళాకోళమాడింది ఒక ముసలావిడ. భోజనాల దగ్గర టైలరు భార్య పక్కనున్న మొగుడివైపు తిరిగింది.

"అన్నయ్యా, ఇంకెప్పుడు తీసుకెళ్తావు?"

వరస వరసంతా గొల్లుమంది. "కట్టుకున్నవాణ్ణి పట్టుకుని అన్నయ్యంటుందేంటమ్మా!"

టైలరు నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నాకు బాగైపోయిందన్నయ్యా. గుండీలు కుట్టనిస్తున్నారు. కాజాలకి కత్తెర కావాలిగా, అది ఇవ్వరు."

టైలరు లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఇద్దరూ అట్నుంచటే బస్సెక్కారు.

ఆస్పత్రిలో చెల్లెలు పొట్టి జుట్టుతో బయటికొచ్చి, ముందు వదిన్నే చూసింది. "నా జడ నీకు బాగుందే. లాగుతోందా?"

"చచ్చేట్టు లాగుతోంది" అని వదిన విప్పి ఆమె చేతిలో పెట్టింది.

నర్సుకి ఇలాంటివాళ్లు కొత్త కాదు. "రేపు తిరగబెడితే మళ్లీ తెచ్చి పడేసి పోతారుగా?" అంది.

"చూపించుకోడానికి తెస్తాను. వదిలి మాత్రం వెళ్లను" అంది టైలరు భార్య.

బస్సు దిగేసరికి, ఎవరూ కట్టకుండానే, జడ చెల్లెలి తలకు అతుక్కుపోయింది.

జబ్బు తిరగబెట్టింది, ఒక్కసారి కాదు. మొదట్లో ఆ దూరపు ఆస్పత్రికే, తర్వాత డాక్టరు వారానికోసారి వచ్చి కూర్చునే వీధి చివరి క్లినిక్కి, టైలరు భార్య మిషన్ ఆపి ఆడపడుచుని తీసుకెళ్లేది. ఎప్పుడు వెళ్లినా ఇద్దరూ వెళ్లారు, ఇద్దరూ తిరిగొచ్చారు. మేకుకు టేపు తప్ప మరేదీ వేలాడలేదు.