విన్నీ అత్త మాటకు టోపీలు

టర్నిప్ హాలో అనే ఊరు ఏ పటంలోనూ లేదు. దాని పౌరులు మాత్రం అమెరికా నిండా ఉన్నారు. యాభై ఏళ్ళ కిందట ఆగిపోయిన ఒక టీవీ హాస్య ధారావాహికలోని పల్లె అది. ఆ పల్లెలో కర్నల్ అనే బాతుకు ఓటుహక్కు ఉంది. రేడియో పెడితేనే బావిలో నీళ్ళు పైకొస్తాయి. షరీఫు తన జైల్లో తనే ఇరుక్కుపోయి, ఊచల వెనకనుంచే శాంతిభద్రతలు చూసుకుంటాడు. ఎంత విడ్డూరాన్నయినా నమ్మే ఆ జనం ఒక్క విన్నీ అత్త మాట మాత్రం నమ్మరు. వంతెన కూలేట్టుందని ఆవిడ చెబితే మగాళ్ళంతా టోపీలు పైకెత్తి, "మళ్ళీ మొదలెట్టిందిరా మన విన్నీ!" అని ఒక్క గొంతుతో అంటారు. కథ చివర వంతెన కూలుతుంది. ఆవిడ ముందే చెప్పిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఆ విన్నీ అత్త వేషం కట్టిన మనిషి ఓపల్ హెడ్రిక్. అప్పుడు ముప్పై దాటీ దాటని పిల్ల, ముసలి వేషం వేసింది. ఇప్పుడు ఎనభై దాటింది, వేషంతో పనిలేదు. తోటి నటులంతా పోయారు. అందుకని మిస్సోరీలోని కాల్డర్‌లో ఏటా సెప్టెంబరులో జరిగే అభిమానుల తిరునాళ్ళకు ఉత్సవ విగ్రహం ఆవిడే.

ఈసారి నిజంగానే ఒక విగ్రహం ఉంది. టర్నిప్ హాలో మేయరుగా నవ్వించిన వేలండ్ ప్రూయిట్‌ది కాల్డరే సొంతూరు. ఆయన కంచు బొమ్మను ఆ రోజు ఆవిష్కరిస్తారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, బొమ్మలో వేలండ్ కళ్ళు అంతకంటే పెద్దవిగా పోశారు.

పశువుల సంత జరిగే రేకుల షెడ్డు వెనక, మడత కుర్చీలో కూచుని ఓపల్ తన వంతు కోసం చూస్తోంది. చర్చి ఆడవాళ్ళు క్యాట్‌ఫిష్ వేయిస్తున్నారు. అభిమాన సంఘం అధ్యక్షుడు డెనీ క్రౌజ్ వచ్చాడు. పాతికేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి, మొహం నిండా మంచితనమే. షరీఫు వేషంలో, మెడలో అట్టముక్క ఊచలు తగిలించుకుని ఉన్నాడు.

"ఏం విన్నీ అత్తా, ఒంట్లో ఎలా ఉంది? చేప తిన్నావా?"

"ఒరే డెనీ, నీకొక మాట చెప్పాలి. ఇవాళ నేను విన్నీగా మాట్లాడను. ఓపల్‌గా మాట్లాడతా. బర్డీ గురించి."

"బర్డీ అంటే? మన బ్రేకు బర్డీయేనా?" డెనీ మొహం వెలిగిపోయింది. "అబ్బ, జనం పడీపడీ నవ్వుతారు!"

బర్డీ సోరెల్ అంటే ఈ జనానికి ఒక నవ్వులాట. కర్నల్ బాతును సాకి, నేర్పించి, కెమెరా ముందుకు తోలిన పిల్ల ఆమె. వేలండ్ తర్వాత టీవీ ముచ్చట్లలో చెప్పిన కథ ప్రకారం, బర్డీ తన అన్నం సంచీని ట్రాక్టరు చేతి బ్రేకుకు తగిలించిందట. ఆ బరువుకు బ్రేకు జారి, బండి కదిలి, దాని చక్రం ఆమె కాలిమీదే ఎక్కిందట. ఆయన చెబుతుంటే నవ్వనివాడు పాపాత్ముడు. ఆ కథ గుర్తుగా అభిమానులు ఏటా ఒక బహుమతి ఇస్తారు. ఆ ఏడు అందరికంటే తెలివితక్కువ పని చేసినవాడికి తుప్పుపట్టిన బ్రేకు కడ్డీ ఒకటి చేతిలో పెడతారు. దాని పేరు 'బర్డీ బ్రేకు'.

జరిగింది వేరు. ఆ రోజు షూటింగులో వేలండ్ పొద్దున్నుంచీ తాగి ఉన్నాడు. ఆగమంటే ఆగకుండా ట్రాక్టరెక్కి తోలాడు. బాతును పక్కకు లాగబోయిన బర్డీ కుడి పాదం చక్రం కింద నుజ్జయింది. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కినట్టు, తప్పు ఆమెదేనని వాడే ముందు అరిచాడు. ఓపల్ మూడడుగుల దూరంలో నిలబడి చూసింది. ఆ సాయంత్రమే ధారావాహిక తీసే కంపెనీవాళ్ళ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె చెప్పడం ముగించగానే గుమ్మం దగ్గరున్న దీపాలవాళ్ళు ఒకర్నొకరు చూసుకుని టోపీలెత్తారు. గదంతా నవ్వు. తెర బయట టోపీలు లేవడం అదే మొదలు.

బర్డీని తీసేశారు. అజాగ్రత్త మనిషని పేరు పడ్డాక జంతువుల పని ఎవరిస్తారు? కుంటుకుంటూ ఒక ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ బతుకు వెళ్ళదీసింది. ఓపల్ ఈ తిరునాళ్ళలో ఆ సంగతి ఎత్తబోయిన ప్రతిసారీ ఒకటే తంతు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడికి వినపడదు, అంతే. వీళ్ళకు వినపడుతుంది, వినపడి చప్పట్లు కొడతారు.

కిందటి శీతాకాలంలో బర్డీ పోయింది. కొడుకు రసెల్ ఫోన్ చేశాడు. "ఆంటీ, చూసినవాళ్ళలో నువ్వొక్కదానివే మిగిలావు. అమ్మ పేరుతో ఆ దిక్కుమాలిన కడ్డీ ఇవ్వడం మానిపించు చాలు. నాకింకేం వద్దు." అతనే ఇవాళ కారులో ఆమెను తీసుకొచ్చాడు. వెనక వరసలో కూచుంటానన్నాడు.

"నవ్వు కోసం కాదురా డెనీ," ఓపల్ అతని చెయ్యి పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతా. నేను మాట్లాడుతుంటే టోపీలు ఎత్తొద్దని వాళ్ళకు చెప్పు. ఒక్క ఇవాళ్టికి."

డెనీ ఆమె కళ్ళలోకి చూశాడు. అతని కళ్ళు చెమర్చాయి. "నువ్వడగడం, నేను కాదనడమూనా అత్తా? ఒక్క టోపీ లేవదు. మా అమ్మ మీద ఒట్టు."

ఓపల్ కాస్త ఊపిరి పీల్చుకుంది. పాపం, ఇంతమందిని ద్వేషించడం కూడా ఆమెకు చేతకాదు. పొద్దున ఒకావిడ ఆమె చేతులు కళ్ళకద్దుకుని, బిడ్డ పోయిన ఏడాది నీ మొహం చూసే అన్నం తిన్నానమ్మా అని ఏడ్చింది. ఇలాంటివాళ్ళను తిట్టుకుంటే కళ్ళు పోతాయి.

డెనీ వేదికెక్కాడు. షెడ్డు కిటకిటలాడుతోంది. ఎండుగడ్డి టోపీలు, తలగుడ్డలు, ఒళ్ళో గుడ్డ బాతులు.

"అందరూ వినండి! విన్నీ అత్త ఇవాళ మనల్ని ఒక కోరిక కోరింది. తను మాట్లాడేటప్పుడు ఎవరూ టోపీలు ఎత్తొద్దంట!"

షెడ్డు రేకులు లేచిపోయేట్టు కేరింతలు.

ఓపల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. మూడో ఏడు ధారావాహికలో అచ్చం ఇదే ఉంది. దయచేసి టోపీలు ఎత్తొద్దని విన్నీ ఊరిని బతిమాలుతుంది. ఊరు సరేనంటుంది. టోపీలు నెత్తినే ఉంచుకుని, కుడికాలి బూట్లు విప్పి పైకెత్తుతుంది. అభిమానులకు ప్రాణమైన కథ అది. అడిగి అడిగి ఆమె వాళ్ళ నోటికే అందించింది.

ఆమె మైకు ముందుకు నడిచేసరికి బూట్లు విప్పుతున్న చప్పుడు. ఒక తాత వంగలేకపోతుంటే మనవరాలు లేసులు విప్పుతోంది. వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. వెనక వరసలో రసెల్ మొహం కనిపించింది. బూటు విప్పనివాడు అతనొక్కడే.

"నా పేరు ఓపల్ హెడ్రిక్," అంది.

"మళ్ళీ మొదలెట్టిందిరా మన విన్నీ!" వందల బూట్లు గాల్లోకి లేచాయి.

"బర్డీ సోరెల్ నా స్నేహితురాలు. మీరు ఇవాళ బొమ్మ పెట్టిన పెద్దమనిషి తాగి ట్రాక్టరు తోలి ఆమె కాలు విరగ్గొట్టాడు."

"మళ్ళీ మొదలెట్టిందిరా!"

"నవ్వకండర్రా! చచ్చిపోయింది తను. దుప్పట్లు ఇస్త్రీ చేసుకుంటూ చచ్చిపోయింది. నేను నా కళ్ళతో చూశాను." గొంతు వణికింది. ఆ వణుకు విన్నీ అత్త వణుకే, మాట చివర సాగదీత కూడా విన్నీదే. ఆమె దగ్గర ఇంకో గొంతు లేదు. అది తెలిసి ఆమెకు తనమీద తనకే కోపం వచ్చింది. "మీరంతా ప్రతి భాగమూ బట్టీపట్టినవాళ్ళు. షరీఫు చొక్కాకు బొత్తాలెన్నో చెప్పగలరు. తెరమీద ఆ ట్రాక్టరును చూశారు కదా? చేతి బ్రేకు ఎక్కడుందో చెప్పండి! దానికి చేతి బ్రేకే లేదు! లేని బ్రేకుకు బర్డీ సంచీ ఎలా తగిలించిందిరా సన్నాసుల్లారా?"

'సన్నాసుల్లారా' అనేది విన్నీ ఊతపదం. నోరు జారి వచ్చేసింది. జనం లేచి నిలబడ్డారు. ఒంటికాలి బూటుతో ఎగిరారు, ఏడ్చారు, ఒకర్నొకరు కౌగిలించుకున్నారు. ఇన్నేళ్ళ తిరునాళ్ళలో విన్నీ అత్త ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదని వాళ్ళకు అనిపించింది.

డెనీ కన్నీళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆమె చేతిలో ఏదో బరువైనది పెట్టాడు. "ఈ ఏడు బర్డీ బ్రేకు ఇంకెవరికిస్తాం చెప్పండి! యాభై ఏళ్ళుగా మనకు బుద్ధి చెప్పాలని చూస్తున్న మన విన్నీ అత్తకే!"

ఓపల్ అతని వైపు చూసింది. "ఒట్టేశావు కదరా."

"ఒక్క టోపీ లేచిందా అత్తా?" అన్నాడు డెనీ. అతను వెక్కిరించడం లేదు. మాట నిలబెట్టుకున్నానన్న సంతోషం అది.

మెట్లు దిగుతుంటే ఒక బక్కపలచని మనిషి ఫోను చేత్తో పట్టుకుని అడ్డమొచ్చాడు. పేరు మెర్ల్. ఆ ధారావాహిక గురించి అతనికి తెలియనిది లేదని సంఘంలో పేరు. అతను నవ్వడం లేదు.

"అమ్మా, పాత భాగాలు ఇప్పుడే ఫోన్లో తీసి చూశాను. అన్ని కోణాల్లోనూ చూశాను. మీరు చెప్పింది నిజం. ఆ బండికి చేతి బ్రేకు లేదు."

ఓపల్ ప్రాణం లేచొచ్చింది. అతని భుజం గట్టిగా పట్టుకుంది. "లేదు కదా నాయనా? చూశావు కదా? అయితే బర్డీ..."

"ఇన్నేళ్ళు నా కంట పడలేదంటే సిగ్గేస్తోంది," అన్నాడు మెర్ల్ ఉప్పొంగిపోతూ. "వేలండ్ ఎంత చిలిపోడో చూడండి! లేని బ్రేకు మీద కథ అల్లాడు! అచ్చం టర్నిప్ హాలో తెలివే! రేపే మా పేజీలో ఎక్కిస్తా, కనిపెట్టింది మీరని కూడా రాస్తా."

ఆమె చెయ్యి అతని భుజంమీంచి జారిపోయింది.

కార్లు నిలిపిన గడ్డినేల దాకా ఒంటరిగా నడిచింది. దారిలో ఇద్దరు ముగ్గురు ఫొటో అడిగితే నిలబడింది కూడా. అలవాటైన ఒళ్ళు, నవ్వమంటే నవ్వుతుంది. కడ్డీని ఎక్కడైనా పారేద్దామనుకుంది, దానిమీద బర్డీ పేరు చెక్కి ఉంటే చేతులు రాలేదు.

రసెల్ కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల్లి పోలిక. అదే నుదురు, అదే కింది పెదవి. ఆమె ఏం చెప్పాలో తెలియక కడ్డీ చూపించింది.

"మానిపించలేకపోయానురా. వచ్చే ఏడూ ఇస్తారు. ఇంకా సంబరంగా ఇస్తారు."

"చూశాను ఆంటీ."

"అబద్ధమని చెప్పినా బాగుండేది. తిట్టినా బాగుండేది. ఒక్కడు కూడా కాదనలేదురా."

రసెల్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ ప్రాంతపు మగాళ్ళు సమాధి ముందు, పెద్దవాళ్ళ ముందు మర్యాదగా చేసేదే అతనూ చేశాడు. ఆమెకు ఎదురుగా నిలబడి, మెల్లగా తలమీది టోపీ తీశాడు.

ఓపల్ చెయ్యెత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పెట్టుకోరా," అంది. "నీకు పుణ్యముంటుంది, టోపీ పెట్టుకో."

అతనికి అర్థం కాలేదు. "నువ్వు చెప్పిందంతా నేను నమ్మాను ఆంటీ," అన్నాడు, టోపీ గుండెకు ఆనించుకుని.

"తెలుసురా. ముందు అది నెత్తిన పెట్టు."

అతను టోపీ పెట్టుకునేదాకా ఆమె చెయ్యి దించలేదు.